విదేశీ యాత్రలో మనవరాలి చేత చేపలు పట్టించిన తాతయ్యగా నా సలహా

వచ్చే జనవరిలో అమ్మానాన్నలతో, ఏడేళ్ల బాబుతో న్యూజిలాండ్ వెళ్తున్నామని రాశారు. బాబు చేపలు పట్టాల్సిందేనని పట్టుబట్టాడు కాబట్టి పడవ మాట్లాడుకోవాలా, లైసెన్సు కావాలా, వాళ్ల తాతయ్యకు ఆ పని అప్పగించవచ్చా అని అడిగారు. నేను అలాంటి తాతయ్యనే. కిందటి ఫిబ్రవరిలో మా అమ్మాయి, అల్లుడు, ఎనిమిదేళ్ల మనవరాలితో ఆ దేశపు ఉత్తర కొసన ఉన్న బే ఆఫ్ ఐలాండ్స్‌లో నాలుగు రోజులు గడిపాను.

ముందుగా, పడవ వద్దు. ఆ తీరానికి పెద్ద చేపల వేటలో పేరుంది. అమెరికా రచయిత జేన్ గ్రే 1926లో వచ్చి ఉరుపుకపుక దీవిలో బస చేసి మార్లిన్లను వేటాడింది అక్కడే. రస్సెల్ ఊళ్లో 1924లో మొదలైన వేటగాళ్ల క్లబ్బు ఇప్పటికీ ఉంది. ఇవన్నీ చదివి మా అల్లుడు కూడా సగం రోజుకు పడవ మాట్లాడదామన్నాడు. నేను ఒప్పుకోలేదు. కడుపులో తిప్పినా, విసుగు పుట్టినా నడి సముద్రంలో పిల్లలు దిగిపోలేరు. వాళ్ల కోసం తోటి ప్రయాణికులు వెనక్కి రారు. జెట్టీ మీదైతే "చాలు తాతయ్యా" అన్న క్షణాన దారం చుట్టేసి బయలుదేరవచ్చు. మేము రస్సెల్‌కు ఎదురుగా ఉన్న పయీహియా అనే ఊళ్లో ఉండి, ఉదయాన్నే చిన్న ఫెర్రీలో రస్సెల్ జెట్టీకి వెళ్లేవాళ్లం. ఆ ఫెర్రీ ప్రయాణమే మా మనవరాలికి సగం పండుగ.

సముద్రంలో గాలం వేయడానికి లైసెన్సు అక్కర్లేదు, పర్యాటకులకు కూడా. అయితే నియమాలు గట్టివి. ఏ చేప ఎంత పొడవుండాలి, రోజుకు మనిషికి ఎన్ని అన్నది ప్రాంతాన్ని బట్టి మారుతుంది. మేము వెళ్లినప్పుడు ఆ తీరంలో స్నాపర్ చేప కనీసం 30 సెంటీమీటర్లు ఉండాలి, మనిషికి రోజుకు 7 మించకూడదు. పట్టినవాటిని అమ్మకూడదు, వస్తువులకు మార్చుకోకూడదు. ప్రభుత్వమే ఇచ్చే 'ఎన్‌జెడ్ ఫిషింగ్ రూల్స్' అనే యాప్‌ను బయలుదేరే ముందే ఫోనులో వేసుకుని, ఆ వారం నియమాలు ఒకసారి చూసుకోండి.

మీ నాన్నగారు తన పాత గాలం కర్ర, రీలు వెంట తెచ్చుకుంటే, ఇసుక, ఉప్పు మరకలు లేకుండా కడిగి బాగా ఆరబెట్టి పెట్టెలో సర్దమనండి. విమానాశ్రయంలో వాడిన వేట సామాను ఉందని తప్పకుండా చెప్పాలి. దాచిపెడితే అక్కడికక్కడే 400 న్యూజిలాండ్ డాలర్ల జరిమానా. నేను చెప్పాను. అధికారి రీలును తిప్పి చూసి, శుభ్రంగానే ఉందని పంపించాడు.

ఇక జెట్టీ సంగతి. పిల్లలకు కావలసింది పెద్ద చేప కాదు, వెంటనే తగిలే చేప. స్తంభాల నీడలో స్ప్రాట్ అనే వేలెడంత వెండి చేపలు గుంపులుగా తిరుగుతుంటాయి. రొట్టెను నీళ్లలో నానబెట్టి చల్లితే చాలు, పైకి వచ్చేస్తాయి. వాటి కోసం ఒకే దారానికి ఐదారు చిన్న గాలాలున్న సబికి అనే కట్టు అమ్ముతారు. నేను అందులో రెండు గాలాలు మాత్రం ఉంచి మిగతావి కత్తిరించేశాను, లేకపోతే చేతులకు, గౌనుకు గుచ్చుకుంటాయి. ఆ రెండింటి కొనల దగ్గర వెనక్కి తిరిగి ఉండే ములుకులను కూడా పట్టకారుతో నొక్కేశాను. తల మీదుగా విసరనివ్వలేదు. జెట్టీ అంచు నుంచి నేరుగా కిందికి వదలమన్నాను. ఈత వచ్చినా సరే లైఫ్ జాకెట్ విప్పనివ్వలేదు. ఫెర్రీ వస్తుందంటే దారం పైకి లాగేయాలి, అది మొదటి రోజే నేర్పండి.

మా మనవరాలు గంటలో పదకొండు స్ప్రాట్లు పట్టింది. అప్పుడు ఉన్నట్టుండి కర్ర వంగిపోయింది. వచ్చింది స్నాపర్, గులాబీ రంగు ఒంటి మీద నీలి చుక్కలతో. దాని వీపు ముళ్లు పదునుగా ఉంటాయి కాబట్టి నేనే చేతులు తడిపి పట్టుకున్నాను. పొడి చేత్తో పట్టుకుంటే దాని ఒంటి జిగురు పొర ఊడిపోతుంది. ముక్కు కొన నుంచి తోక చీలిక లోపలి మడత దాకా కొలవాలి. ఇరవై ఆరు వచ్చింది.

"తోక చివరిదాకా కొలువు తాతయ్యా," అంది. అలా కొలిస్తే ముప్ఫైకి దగ్గరగానే ఉంది. అడిగేవాళ్లు ఎవరూ లేరు. అయినా వదిలేయాలని చెప్పాను. ఏడుపు అందుకుంది. ఈలోగా చేపను సముద్రపు నీళ్ల బకెట్టులో ఉంచాను. తప్పు నాదేనని నాకు అప్పుడే తెలిసింది. గాలం, ఎర, ముళ్లు, ఫెర్రీ అన్నీ చెప్పాను గానీ, పట్టిన చేపను తిరిగి ఇచ్చేయాల్సి రావచ్చని ముందుగా చెప్పలేదు. తన చేతికి వచ్చినదాన్ని వదులుకోవడం ఎనిమిదేళ్ల పిల్లకు చిన్న విషయం కాదు.

పక్కన గాలం వేసుకుని కూర్చున్న ఆ దేశపు మూలవాసి, మావోరీ పెద్దాయన ఒకరు ఇదంతా చూసి దగ్గరికి వచ్చాడు. తమ ఇళ్లలో మొదట పట్టిన చేపను సముద్ర దేవుడు టాంగరోవాకు తిరిగి ఇచ్చేస్తారని, అది చిన్నదైనా పెద్దదైనా అంతేనని మనవరాలితో నెమ్మదిగా చెప్పాడు. మా అమ్మాయి ఆ మాటలు తెలుగులో మళ్లీ చెప్పింది. పిల్ల వెంటనేమీ నవ్వలేదు. కాసేపటికి బకెట్టు తాడు తానే పట్టుకుని నీటి మట్టం దాకా దించి వంచింది. ఎత్తు నుంచి పడేయకుండా అలా దించితే చేపకు దెబ్బ తగలదు. అది కదిలి లోతుకు వెళ్లేదాకా చూస్తూ నిలబడింది.

అందుకే మీ బాబుకు ప్రయాణానికి ముందే ఈ సంగతి చెప్పండి. అట్ట మీద 30 సెంటీమీటర్ల చేప బొమ్మ గీసి, ఇంతకంటే చిన్నది వస్తే వదిలేద్దామని ఇంట్లోనే ఒప్పందం చేసుకోండి. మేము ఆ పని ఆ సాయంత్రం బసలో చేశాం, ఆలస్యంగా.

తాతయ్యకు అప్పగించవచ్చా అంటే, సంతోషంగా అప్పగించండి. కానీ ఒక్కరికే వద్దు, ఇంకో పెద్దవాళ్లు పక్కన ఉండాలి. చేప తగిలినప్పుడు తాతయ్య కళ్లు చేప మీదికి పోతాయి, అప్పుడు పిల్లవాడి మీద ఒకరి కన్ను ఉండాలి. మీ నాన్నగారికి వేట సరదా ఉంటే ఆ సరదా వేరే పూట తీర్చుకోమనండి. నేను మొదటి పావుగంట తర్వాత నా కర్ర మడిచేశాను, రెండు దారాలతో మనవరాలిని చూసుకోలేకపోయాను. చూపు ఆనకపోతే ముడులు రాత్రే గదిలో వేసుకోమనండి. ఇంకొకటి, జనవరిలో అక్కడ మండు వేసవి. గాలి చల్లగా తగులుతూనే ఒళ్లు కాలిపోతుంది. టోపీ, పొడవు చేతుల చొక్కా, చర్మానికి రాసే లేపనం మరవకండి.

బాబు ట్రౌట్ అనే మంచినీటి చేప కూడా కావాలంటాడేమో. నదుల్లో, సరస్సుల్లో లైసెన్సు తప్పనిసరి, టౌపో సరస్సుకు మళ్లీ వేరే లైసెన్సు. ఒక నది నుంచి ఇంకో నదికి వెళ్లేటప్పుడు డిడిమో అనే నాచు వెంట రాకుండా సామాను కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. వారం రోజుల యాత్రలో ఇదంతా ఏడేళ్ల పిల్లవాడికి బరువే, జెట్టీ చాలు.

నాలుగో ఉదయం వాన పడింది. అయినా మనవరాలు వెళ్దామంది. కొలబద్ద తన జేబులోనే పెట్టుకుంది, ఆ రోజు ఒక్క చేపా తగల్లేదు, రెండు గంటలసేపు లేవనన్నది.