ఒక్కరే మోసుకెళ్లగల పడవ

కిందటి సంచికలో నేను కానూని భుజాన వేసుకుని నాగావళి గట్టు దిగుతున్న ఫొటో వేశారు. ఇక చూడండి, ఈ నెల ఉత్తరాలన్నీ పడవల మీదే. తలుపు దిగబడింది, మంచం కిర్రుమంటోంది అని రాసినవాళ్లు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి. కానూకీ కయాక్‌కీ తేడా అడిగినవాళ్లకి ముందే ఒక మాట: పైన తెరిచి ఉండి, ఒంటి రెక్క తెడ్డుతో నడిపేది కానూ. పైన మూత ఉండి, కూర్చునేంత రంధ్రం మాత్రం వదిలి, రెండు రెక్కల తెడ్డుతో నడిపేది కయాక్.

ప్రశ్న: మాస్టారూ, తిత్లీ తుపానుకి పడిపోయిన మా పనస చెట్టుని అప్పట్లోనే అంగుళం మందం పలకలుగా కోయించి పశువుల శాల అటక మీద పెట్టాం. వాటితో మీలాగే 16 అడుగుల కానూ చేద్దామని ఉంది. సరిపోతుందా? – ఒక పాఠకుడు, కవిటి

జవాబు: 2018 అక్టోబరులో పడిన చెట్టంటే కర్ర ఈపాటికి బాగా ఆరిపోయి ఉంటుంది. అదృష్టవంతులు. కానీ అంగుళం పలకలతో మాత్రం చేయకండి. లెక్క వేద్దాం. 16 అడుగుల కానూ పెంకు విస్తీర్ణం సుమారు ఐదున్నర చదరపు మీటర్లు. పనస కర్ర ఘనపు మీటరు 600 కిలోలనుకుంటే, అంగుళం మందంలో పెంకొక్కటే 80 కిలోలు దాటుతుంది. అదే కర్రని 6 ఎంఎం మందం, 20 ఎంఎం వెడల్పు బద్దీలుగా చీలిస్తే 20 కిలోలు. అంత పల్చన చెక్క నిలుస్తుందా అంటారు. చెక్క ఒంటరిగా నిలవదు. లోపలా బయటా పల్చటి గాజు గుడ్డ పరిచి ఎపాక్సీ (రెజిన్, హార్డెనర్ అనే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) పట్టిస్తే బలమంతా ఆ రెండు పొరల్లో ఉంటుంది. ఆ రెంటినీ దూరంగా పట్టి ఉంచడమే మధ్యలో చెక్క పని.

పద్ధతి ఇది. అడుగుకొకటి చొప్పున ప్లైవుడ్ అచ్చులు నిలబెట్టి, వాటి మీద బద్దీలు ఒకదాని పక్కన ఒకటి అంచులు అతికించుకుంటూ పోవాలి. బద్దీకి ఒక అంచు గుల్లగా, రెండో అంచు గుండ్రంగా రౌటర్‌తో తీసుకుంటే వంపు తిరిగే చోట సందు పడదు. అమెరికా, కెనడా వాళ్లు దీనికి వెస్టర్న్ రెడ్ సెడార్ వాడతారు. అది ఘనపు మీటరు 370 కిలోలే. మనకి దాని మీద ఆశ పెట్టుకోనక్కర్లేదు. గుమ్మడి టేకు దొరికితే పెంకుకి అది వాడండి. పనసకన్నా తేలిక, ఆరాక పెద్దగా మెలి తిరగదు. మీ పనసని పడవ పై అంచు కర్రలకీ, సీట్లకీ, మధ్యలో అందానికి రెండు పచ్చటి బద్దీలకీ ఉంచుకోండి. బొబ్బిలి వీణ చేసే కర్రండీ అది, అడుగున ఇసుకకి రాయించడానికి నాకైతే మనసొప్పదు.

బరువు గురించి ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, నేను అనుభవించాను. నా మొదటి పడవ 9 ఎంఎం ప్లైవుడ్‌తో చేశాను. 4 చాలని పుస్తకంలో ఉంది. నాకు భయం. అడుగున రాయి తగిలితే? సరే, 9. అతుకు ఊడితే? లోపల ఇంకో నాలుగు అడ్డకర్రలు. నీరు దిగితే? ఇంకో రెండు పూతలు. అంతా అయ్యాక బియ్యం కాటా మీద పెడితే 46 కిలోలు తూగింది. మా ఇంటికి నది 200 గజాలు. ఆ 200 గజాలకి ప్రతిసారీ నలుగురిని పిలవాలి. మూడోసారి పిలిస్తే పక్కింటాయన నడుం పట్టేసిందన్నాడు. రెండేళ్లలో అది ఐదుసార్లు నీళ్లు చూసింది. తర్వాత మా ఆవిడ దాన్ని బోర్లించి దాని మీద వడియాలు పెట్టుకుంది. ఇప్పుడున్నది 19 కిలోలు. తెల్లారి లేచి, ఎవరినీ లేపకుండా ఎత్తుకుపోతాను.

ప్రశ్న: బద్దీల పని నావల్ల కాదు. ప్లైవుడ్ ముక్కల్ని తీగతో కుట్టి పడవ చేస్తారట కదా. ఏ ప్లైవుడ్ కొనాలి? మొదట ఒక ముక్క మీద ఎపాక్సీ పూసి చూస్తే సాయంత్రానికి పైనంతా దోసె మీద చిల్లుల్లా పడ్డాయి. సరుకు నకిలీదా? – ప్రైవేటు ఉద్యోగి, చీపురుపల్లి

జవాబు: సరుకు మంచిదే. మీరు పొద్దున్న పూశారు, అంతే. చెక్క నిండా సన్నటి గొట్టాలు, వాటిలో గాలి ఉంటుంది. పొద్దున్న పది గంటలకి పూస్తే ఎండెక్కేకొద్దీ ఆ గాలి వ్యాకోచించి, ఇంకా గట్టిపడని ఎపాక్సీలోంచి బుడగలుగా బయటికొస్తుంది. సాయంత్రం నాలుగు దాటాక పూయండి. చెక్క చల్లబడుతూ లోపలికి పీల్చుకుంటుంది, పూత అద్దంలా కూర్చుంటుంది. ఈ ఒక్క సంగతి తెలియక నేను ఒక పక్క మొత్తం రుద్ది తీసేసి మళ్లీ పూశాను.

మన తీరం గాలిలో తేమ వల్ల ఇంకో తంటా ఉంది. మర్నాడు పూత మీద చెయ్యి పెడితే మైనం రాసినట్టు జిడ్డుగా తగలొచ్చు. దాని మీదే రెండో పూత వేస్తే పట్టదు. ఉప్పు కాగితంతో రుద్దినా ముందు పోదు, కాగితానికి అంటుకుంటుంది. మంచినీళ్లు, గిన్నెలు తోమే పీచుతో కడిగి, ఆరాక అప్పుడు రుద్దండి.

ప్లైవుడ్ మీద ఐఎస్ 710 అని ముద్ర ఉండాలి, అది మెరైన్ ప్లైవుడ్‌కి మన దేశ ప్రమాణం. దాన్ని 72 గంటలు మరిగించి పరీక్షిస్తారు. మామూలు ప్లైవుడ్ ప్రమాణం ఐఎస్ 303లో బీడబ్ల్యూఆర్ (మరిగే నీటిని తట్టుకునే) రకానికి 8 గంటలే. 4 ఎంఎం, 8 అడుగులకి 4 అడుగుల షీటు 8 కిలోల దాకా తూగుతుంది. చిన్న పడవకి రెండు చాలు. షాపులో షీటు అంచు చూడండి. మధ్య పొరలో ఖాళీలు కనిపిస్తే, ఎన్ని ముద్రలున్నా వదిలేయండి. 8 అడుగులకన్నా పొడవు కావాలంటే రెండు షీట్ల చివర్లనీ ఏటవాలుగా చిత్రిక పట్టి అతకాలి. ఆ వాలు మందానికి 8 రెట్లు, అంటే 4 ఎంఎంకి 32 ఎంఎం.

ఇక కుట్టడం. మోటారు వైండింగ్ షాపులో పాత రాగి తీగ అడగండి, 1 ఎంఎం మందం చాలు. అంచుకి దగ్గరగా నాలుగేసి అంగుళాలకొక చిల్లి వేసి, రెండు పలకల్నీ కలిపి తీగ దూర్చి, బయట నుంచి ప్లయర్‌తో మెలితిప్పుతూ పోవాలి. ఒకేచోట గట్టిగా బిగించకూడదు, అన్నీ వదులుగా వేసి చివర్లో అన్నిటినీ కొంచెం కొంచెం బిగించాలి. రెండు గంటల్లో నాలుగు చదును ముక్కలు మీ కళ్ల ముందే పడవ ఆకారంలోకి లేస్తాయి. నాకు ఈ పని మొత్తంలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం అదే, భోజనానికి పిలిచినా కదలను. పశ్చిమ దేశాల్లో ఈ పద్ధతి 1960ల్లో మిర్రర్ అనే చిన్న తెరచాప పడవతో బాగా పాకింది. పలకల్ని కుట్టడం మాత్రం మనకి కొత్తేం కాదు. ఈ కోరమాండల్ తీరంలో మసూలా పడవల్ని మేకు లేకుండా కొబ్బరి తాడుతోనే కుట్టేవారు. అలల్లో పలకలు విరగకుండా కాస్త వంగేవి.

తర్వాత లోపలి మూలల్లో ఎపాక్సీలో జల్లించిన మెత్తటి రంపపు పొట్టు కలిపి నింపాలి. గారెల పిండిలా ఉండాలి, గరిటె తిరగేస్తే జారకూడదు. పాత గరిటె వెనక భాగంతో నున్నగా లాగండి. గట్టిపడ్డాక తీగలు పీకేసి, మూలల మీద గాజు టేపు వేయండి.

ఇంకొకటి. ఎపాక్సీ ఒకేసారి ఎక్కువ కలపకండి. ఒక మే నెలలో నేను అరకిలో ఒకే మగ్గులో కలిపి, బ్రష్ వెతుక్కుని వచ్చేసరికి మగ్గు కరిగి పొగలొస్తోంది. వంద గ్రాములు కలిపి, వెంటనే వెడల్పాటి ట్రేలో పోసుకోండి. పాళ్లు కంటి అంచనా వద్దు, చిన్న డిజిటల్ కాటా కొనండి. హార్డెనర్ ఎక్కువ వేస్తే తొందరగా గట్టిపడుతుందనేది అబద్ధం, జిగురుగా ఉండిపోతుంది.

ప్రశ్న: మా ఊళ్లో ఫైబర్ తెప్పలు రిపేరు చేసేవాళ్ల దగ్గర రెజిన్ చవగ్గా దొరుకుతుంది. చెక్క పడవకి అది వాడొచ్చా? – భావనపాడు

జవాబు: వద్దు. అది పాలిస్టర్ రెజిన్. ఫైబర్ మీద ఫైబర్‌కి బాగానే పనిచేస్తుంది. చెక్కని గట్టిగా పట్టుకోదు, రెండు వర్షాలకి అప్పడంలా లేస్తుంది. ఎపాక్సీ ఖరీదే. డబ్బు మిగల్చాలంటే పూతలు తగ్గించండి. గుడ్డ నేత నిండితే చాలు. పైన మాత్రం ఎండని ఆపే వార్నిష్ గానీ పెయింట్ గానీ తప్పనిసరి, ఎండకి ఎపాక్సీ పాడవుతుంది.

ప్రశ్న: మావారు మీ వ్యాసాలు చదివి హాల్లో పడవ మొదలెట్టారు. చేతులు మోచేతుల దాకా దద్దుర్లు. ఆయనేమో ఉక్కపోత అంటున్నారు. సోఫా మేడమీద ఉంది. – పేరు వద్దన్న పాఠకురాలు, విజయనగరం

జవాబు: అమ్మా, అది ఉక్కపోత అనుకుని వదిలేయకండి. ఎపాక్సీ కొందరికి పడదు, ఒకసారి పడకపోవడం మొదలైతే తర్వాత చుక్క తగిలినా దద్దుర్లు వస్తాయి. పని ఆపించి డాక్టరుకి చూపించండి. మళ్లీ మొదలెడితే నైట్రైల్ గ్లవుజులు, పొడుగు చేతుల చొక్కా, రుద్దేటప్పుడు మంచి మాస్కు. చేతికంటింది థిన్నర్‌తో కడగనివ్వకండి, అది లోపలికి ఇంకా ఇంకేలా చేస్తుంది. సబ్బు చాలు. పడవని పోర్టికోలోకి మార్పించండి. అంతకన్నా ముందు, పూర్తయ్యాక అది మీ హాలు తలుపులోంచి బయటికి వస్తుందో లేదో టేపు పెట్టి కొలవమనండి. నవ్వకండి, మా శిష్యుడొకడు కిటికీ ఊచలు కోయించాడు.

ప్రశ్న: సార్, మా ఫ్రెండ్సిద్దరం కయాక్ పూర్తి చేశాం. ఆదివారం కళింగపట్నంలో వంశధార నుంచి సముద్రంలోకి దింపుదామనుకుంటున్నాం. – డిగ్రీ విద్యార్థి, ఆమదాలవలస

జవాబు: తమ్ముడూ, ఆదివారం మీ ఊరి చెరువుకి వెళ్లండి. నది సముద్రంలో కలిసే చోట ఇసుక మేటలు జరుగుతూంటాయి, ఆటు సమయంలో నీరంతా బయటికి లాగుతుంది, ఎదురుగా అలలు విరుగుతుంటాయి. తరాలుగా అక్కడ వేట చేస్తున్నవాళ్లే రోజూ నీళ్లు చూసి దిగుతారు. వంశధార మీది గొట్టా బ్యారేజీ దిగువన కూడా వద్దు, గేట్లెప్పుడు ఎత్తుతారో మీకు తెలియదు.

చెరువులో నడుంలోతు నీళ్లలో, ఇద్దరూ లైఫ్ జాకెట్లు వేసుకుని, ఒడ్డున ఈతొచ్చిన మూడో మనిషిని నిలబెట్టి, కావాలని బోల్తా కొట్టించండి. పడవలోంచి బయటికి రావడం ఎలాగో అక్కడే తెలుస్తుంది. ముందూ వెనకా గాలి గదులు గట్టిగా మూసి ఉన్నాయా? లీటరు గాలి కిలో బరువుని తేలుస్తుంది, కాబట్టి రెండు గదులూ కలిపి 60 లీటర్లకి తగ్గకూడదు. బోల్తా పడ్డ పడవని పావుగంట అలాగే వదిలి చూడండి. ఒక కొస కిందికి దిగుతుంటే ఆ గది ఎక్కడో కారుతోంది. ఒడ్డుకి లాగి, ఆ గది అతుకుల మీద సబ్బునీళ్లు రాసి, మూత చిల్లిలోంచి సైకిల్ పంపుతో మెల్లగా గాలి కొట్టండి. బుడగ లేచిన చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి.