పన్ను ప్రశ్నలు: నింపేది వాళ్లు, సంతకం మీది

ప్రశ్న: ఆదాయపన్ను శాఖ పోర్టల్ తెరిస్తే నా పెన్షను, ఫిక్స్‌డ్ డిపాజిట్ల వడ్డీ అన్నీ ముందే నింపి ఉంటున్నాయి. ఇంత తెలిసినవాళ్లు రిటర్ను కూడా వేసేయొచ్చు కదండీ? మాకీ తిరుగుడెందుకు?
— విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, శ్రీకాకుళం

జవాబు: డెన్మార్క్‌లో 1988 నుంచే ముందుగా నింపిన రిటర్నులున్నాయి. మన దగ్గర మన ఆదాయం గురించి శాఖకి అందిన వివరాల పట్టిక అయిన వార్షిక సమాచార నివేదిక, అంటే ఏఐఎస్, వచ్చిందే 2021 నవంబరులో. నింపడం దాకా వచ్చాం, వేయడం దాకా రాలేదు. ఎవరో ఒకరు చెబితేనే శాఖకి తెలుస్తుంది మరి. బ్యాంకు వడ్డీ చెబుతుంది, ట్రెజరీ పెన్షను చెబుతుంది. మీ ఇంటి మేడమీద వాటా అద్దె సంగతి ఎవరూ చెప్పరు. పన్ను లెక్కకి పాత విధానమా, కొత్తదా అన్నది మీరు తేల్చాల్సిందే. వడ్డీ మీద వృద్ధులకిచ్చే 50,000 మినహాయింపు పాత విధానంలోనే ఉంది.

కనుక నింపిన అంకెని నమ్మేసి బటన్ నొక్కకండి. బ్యాంకులు చివరి మూడు నెలల టీడీఎస్ (వడ్డీలోంచి ముందే కోసి కట్టిన పన్ను) లెక్కలు ఇవ్వడానికి గడువు మే 31. అందుకే జూన్ రెండో వారానికి ముందు తెరిస్తే లెక్క సగమే కనబడొచ్చు. తర్వాత లాగిన్ అయి ఏఐఎస్ పీడీఎఫ్ దించుకోండి. పాస్‌వర్డ్: పాన్ చిన్న అక్షరాల్లో, వెంటనే పుట్టిన తేదీ ఎనిమిది అంకెల్లో. బ్యాంకు ఇచ్చిన వడ్డీ సర్టిఫికెట్ పక్కన పెట్టుకుని వరస వరసా టిక్ కొట్టండి.

ఎక్కువగా వచ్చే తప్పులు రెండు. ఒకే వడ్డీ టీడీఎస్ శీర్షిక కింద ఒకసారి, ఎస్ఎఫ్‌టీ (బ్యాంకులు శాఖకి ఇచ్చే లావాదేవీల నివేదిక) శీర్షిక కింద మరోసారి వచ్చి రెట్టింపవుతుంది. రెండోది జాయింట్ ఖాతా: డబ్బు మీ ఆవిడదైనా మొదటి పేరు మీదైతే వడ్డీ మీ పాన్‌లో పడుతుంది. ఆ వరస మీద నొక్కి ఫీడ్‌బ్యాక్‌లో ‘వేరే సమాచారంలో కలిసి ఉంది’ అనో, ‘వేరే పాన్‌కి చెందినది’ అనో ఎంచుకోండి. ఫీడ్‌బ్యాక్ ఇచ్చినంత మాత్రాన రిటర్నులో అంకె సరైపోయిందనుకోవద్దు, అక్కడా చూసుకోవాలి.

రిటర్ను వేశాక 30 రోజుల్లో ఆధార్ ఓటీపీతో వెరిఫై చేయాలి. మర్చిపోతే వేయనట్టే.

మీకు 75 నిండితే మాత్రం మీరడిగిన సదుపాయం ఉంది. పెన్షను, వడ్డీ తప్ప వేరే ఆదాయం ఉండకూడదు, ఆ రెండూ ఒకే బ్యాంకులో రావాలి. ఆ బ్యాంకు ప్రభుత్వం నిర్దేశించిన బ్యాంకుల్లో ఒకటైతే, దానికి ప్రకటన పత్రం (2025-26కి ఫారం 12బీబీఏ) ఇస్తే చాలు, వాళ్లే లెక్కకట్టి పన్ను పట్టుకుంటారు. రిటర్ను అక్కర్లేదు. ఇంకో బ్యాంకులో చిన్న డిపాజిట్ ఉన్నా ఇది వర్తించదు.

ప్రశ్న: ఉద్యోగం ప్రభుత్వంలో, కొబ్బరితోట ఊళ్లో. ఏఐఎస్‌లో తోట ఊసే లేదు. వదిలేయొచ్చా?
— ఉద్యోగి, కవిటి

జవాబు: వదలకూడదు. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు నిజమే, కానీ అది 5,000 దాటితే ఐటీఆర్-1 అనే సాదా రిటర్ను ఫారం పనికిరాదు, ఐటీఆర్-2 వేయాలి. పైగా జీతం మీద పన్ను రేటు తేల్చే లెక్కలోకి తోట ఆదాయమూ వస్తుంది. 2025-26 కొత్త విధానంలో మినహాయింపులు పోను జీతం 14 లక్షలు, తోట మీద ఖర్చులు పోగా 2 లక్షలు అనుకోండి. 16 లక్షల మీద పన్ను 1,20,000. అందులోంచి 6 లక్షల (తోట 2, పన్ను లేని మొదటి 4) మీద పడే 10,000 తీసేయండి. కట్టాల్సింది 1,10,000, దాని మీద 4 శాతం సెస్సు. తోట లేకపోతే 90,000తో సరిపోయేది. తోట కౌలుకిచ్చినా ఆ కౌలు వ్యవసాయ ఆదాయమే.

ప్రశ్న: డీఏ బకాయిలు ఒకేసారి పడ్డాయి. పన్ను ఎక్కువ చూపిస్తోంది.
— ఉపాధ్యాయిని, బొబ్బిలి

జవాబు: బకాయిలు ఒకేసారి పడి పెరిగిన పన్నుకి సెక్షన్ 89 ఊరట ఉంది, కొత్త విధానంలోనూ. రిటర్నుకి ముందే ఆన్‌లైన్‌లో ఫారం 10ఈ వేయండి. అది వేయకుండా రిటర్నులో ఊరట అడిగితే ప్రాసెసింగ్‌లో కొట్టేసి డిమాండ్ నోటీసు పంపుతారు. బకాయి ఏ ఏడాదిది ఎంతో విడదీసిన పట్టిక డీడీఓ (మీ జీతం బిల్లు చేసే అధికారి) దగ్గర ముందే తీసుకోండి. జులై చివరి వారంలో అడిగితే దొరకడం కష్టం.