మ్యాట్ వార్నిష్ కొట్టాక బొమ్మలు తెల్లబడితే

వానపడే సాయంత్రం, రంగులేసిన చిన్న ప్లాస్టిక్ బొమ్మల మీద మ్యాట్ వార్నిష్ (మెరుపు లేని రక్షణ పూత) స్ప్రే కొడితే, తెల్లారేసరికి పది అస్థిపంజర సైనికుల మీదా బూడిద చల్లినట్టు తెల్లపొర వచ్చిందన్నారు కదండీ. కంగారుపడి రంగు మొత్తం తీసేయకండి. తడి కుంచెతో ఒక బొమ్మ మీద కాసిని నీళ్లు రాసి చూడండి. తడి ఉన్నంతసేపూ అసలు రంగు కనబడితే, అడుగున మీ పని భద్రంగానే ఉన్నట్టు.

స్ప్రేలోని ద్రావణి చటుక్కున ఆవిరవుతూ బొమ్మ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఎక్కువుంటే ఆ చల్లదనానికి నీరు పట్టి, ఆరుతున్న పొరలో చిక్కుకుంటుంది. డబ్బా సరిగా ఊపకపోయినా ఇదే గతి, మెరుపు తగ్గించే పొడి అడుగున పేరుకుని ముద్దలుగా వస్తుంది.

ముందు ఒక్క బొమ్మ మీదే ప్రయత్నించండి. నీటితో పల్చబడే గ్లాసీ (మెరిసే) వార్నిష్‌ను మెత్తని కుంచెతో పల్చగా ఒక పూత వేయండి. పక్కటెముకల సందుల్లో నిలిస్తే పొడి కుంచెతో పీల్చేయండి. అది గరుకు పొరలోకి ఇంకి తెల్లదనాన్ని చాలావరకు మాయం చేస్తుంది. మెరుపు చూసి బెంగపడొద్దు. 24 గంటలు ఆరనిచ్చి, మ్యాట్ వార్నిష్‌ను కుంచెతోనే రెండు పల్చని పూతలు వేస్తే తగ్గుతుంది. అసిటోన్ ఉన్న నెయిల్ పాలిష్ రిమూవర్ మాత్రం దగ్గరికి రానివ్వకండి, ప్లాస్టిక్ కరిగి ముఖాలే పోతాయి.

ఇకమీదట డబ్బాను రెండు నిమిషాలు ఊపి, 20–25 సెంటీమీటర్ల దూరం నుంచి, ముందు బొమ్మ భాగాలు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ ఫ్రేమ్‌లోని పనికిరాని ముక్క మీద కొట్టి చూడండి. ముసురు రోజుల్లో కుంచె పూతే మేలండీ.