పాట హిట్టయింది, మాస్టర్ హక్కులు అమ్మేయవచ్చా?

ప్రశ్న: నేను రాసి పాడిన ర్యాప్ పాట అనుకోకుండా పెద్ద హిట్టయింది. బీట్‌ను, అంటే వెనక మోగే సంగీతాన్ని, ఆన్‌లైన్‌లో లీజుకు తీసుకున్నాను, హుక్ (మళ్లీ మళ్లీ వచ్చే పల్లవి) స్నేహితురాలు పాడింది. ఒక మ్యూజిక్ కంపెనీ అడ్వాన్స్ ఇచ్చి మాస్టర్ హక్కులు కొంటానంటోంది. ఉద్యోగం మానేసి, ఆ డబ్బుకు కొంత అప్పు కలిపి తర్వాతి పాటకు వీడియో తీయాలని ఉంది. మీ సలహా ఏమిటి?

జవాబు: అడ్వాన్స్ ఎంత అన్నది తర్వాతి మాట. మీరు అమ్మబోయేది పూర్తిగా మీదేనా అన్నది ముందు తేలాలి. ఒక పాటలో రెండు ఆస్తులుంటాయి: రికార్డింగ్, అంటే మాస్టర్, ఒకటి, మాటలు, సంగీతం కలిసిన రచన రెండోది. ఈ రెండింటికీ డబ్బు వేర్వేరు దారుల్లో వస్తుంది. హిప్‌హాప్‌లో బీట్ చేసిన వ్యక్తి రచనలోనూ వాటాదారు కావడం మామూలే కాబట్టి, మాటలన్నీ మీవే అయినా పాట మొత్తం మీది కాకపోవచ్చు.

లీజు పత్రం తీసి రెండు షరతులు వెతకండి. ఇన్ని స్ట్రీముల వరకే అనుమతి అన్న పరిమితి ఉందా, ఉంటే మీ పాట దాన్ని ఎప్పుడో దాటేసి ఉండవచ్చు. అదే బీట్‌ను ఇతరులకూ అమ్ముకునే హక్కు బీట్ చేసిన నిర్మాత తన దగ్గరే ఉంచుకున్నాడా అన్నది రెండోది. ఆ బీట్‌లో వేరే పాట నుంచి తీసుకున్న శాంపిల్ ఉందేమో కూడా అతన్ని రాతపూర్వకంగా అడగండి. ‘ఓల్డ్ టౌన్ రోడ్’ అనే పాట కథ ఇలాంటిదే. అమెరికన్ ర్యాపర్ లిల్ నాస్ ఎక్స్ 30 డాలర్లకు కొన్న ఆ పాట బీట్‌లో నైన్ ఇంచ్ నెయిల్స్ బృందం 2008లో విడుదల చేసిన సంగీతం ముక్క ఉంది. 2019లో ఆ పాట అమెరికా పాటల ర్యాంకుల పట్టిక బిల్‌బోర్డ్ హాట్ 100లో 19 వారాలు మొదటి స్థానంలో నిలిచింది. ఆ ముక్కను స్వరపరిచిన ఇద్దరి పేర్లూ రచయితల జాబితాలో చేరాయి. హిట్టయ్యాక బేరమాడే బలం అవతలివారిదే అవుతుంది. కంపెనీ ఒప్పందంలో మాత్రం ‘ఇందులో ఇతరుల హక్కులేవీ లేవు’ అని మీ చేత హామీ రాయించుకుంటారు, అది తప్పని తేలితే నష్టం మీ మీదే పడుతుంది. హుక్ పాడిన స్నేహితురాలి వాటాను కూడా ఇప్పుడే కాగితం మీద పెట్టి మీరు, ఆమె, బీట్ నిర్మాత ముగ్గురూ సంతకాలు చేయండి. స్నేహం ఉంది కదా అని వదిలేసిన వాటాలే తర్వాత ఎక్కువ చేదవుతాయి.

ఇక అడ్వాన్స్. పాట ఆడకపోతే దాన్ని సాధారణంగా తిరిగి ఇవ్వనక్కర్లేదు, కానీ అది బహుమతీ కాదు. అడ్వాన్స్ 100 అని, ప్రచారానికి పెట్టిన మరో 100 కూడా మీ ఖాతాలోనే రాశారని అనుకుందాం. పాట సంపాదనలో మీ వాటా, అంటే రాయల్టీ, 20 శాతమైతే ఆ 200 మీ 20 శాతంలోంచే తీరాలి, అంటే పాట 1,000 సంపాదించేదాకా మీకు మరో పైసా రాదు. అప్పటికి కంపెనీకి తన 800 వాటా చేరి, పెట్టిన 200 కూడా వెనక్కి వచ్చేసి ఉంటుంది. అందుకే శాశ్వతంగా అమ్మే బదులు కొన్నేళ్లకు మాత్రమే లైసెన్స్ ఇస్తామని అడగండి. ప్రచార ఖర్చుకు మీ అనుమతి లేకుండా దాటరాని పరిమితి రాయించండి.

ఉద్యోగం మానవద్దు, అప్పు అసలే వద్దు. స్ట్రీమింగ్ డబ్బు నెలల ఆలస్యంగా చేతికొస్తుంది, పైగా హిట్టయిన నెలల్లో వచ్చినంత తర్వాత రావడం అరుదు. అమెరికన్ ర్యాపర్ ఎం.సి. హామర్ అంతటి తార 1990లో ప్రపంచమంతా మోగిన పాట ఇచ్చి, 1996లో దివాలా పిటిషన్ వేశాడు. కనీసం నాలుగు రాయల్టీ స్టేట్‌మెంట్లు చూశాక, వాటి సగటు మీ జీతంతో పోల్చి ఉద్యోగం గురించి ఆలోచించవచ్చు. ఈలోగా వచ్చే ప్రతి చెల్లింపులో పన్నుకు సరిపడా మొత్తాన్ని వేరే ఖాతాలో పక్కన పెట్టి, మిగిలిన దాంతో ఎంత వీడియో వస్తే అంతే తీయండి. కంపెనీకి ఇవ్వాల్సిన జవాబును మాత్రం బీట్ నిర్మాత సంతకం చేతికొచ్చేదాకా వాయిదా వేయండి.