పాత లేజర్ ప్రింటర్ విండోస్ 11లో ఎక్కట్లేదా? సెటప్‌ని వదిలేసి ఐఎన్ఎఫ్ ఫైలు వెతకండి

ప్రింటర్‌ని అప్పుడే తుక్కు కింద అమ్మేయకండి.

మీరు అడిగినదాన్ని బట్టి మీ సమస్య నాకు అర్థమైనంతలో ఇదీ: విండోస్ 7 కంప్యూటర్ పోయింది, విండోస్ 11 ల్యాప్‌టాప్ కొన్నారు, పదిహేనేళ్ళ నాటి బ్లాక్ అండ్ వైట్ లేజర్ ప్రింటర్ ఇంకా బాగానే ఉంది. కానీ దాని సీడీ పెడితే సెటప్ ‘ఈ ఆపరేటింగ్ సిస్టమ్‌లో పనిచేయదు’ అని మూసుకుపోతోంది.

అచ్చం ఇదే నాకూ జరిగింది. తణుకులో మాకు చిన్న జిరాక్స్ షాపు ఉంది. ఎంసెట్ హాల్ టికెట్ల సీజన్లో (పేరు ఈఏపీసెట్ అని మారినా మా కౌంటర్ దగ్గర అలా అడిగినవాళ్ళు లేరు) పాత కంప్యూటర్ హార్డ్ డిస్క్ పోయింది. ఇంట్లో ఉన్న కొత్త ల్యాప్‌టాప్ తెచ్చి పెట్టాను. బయట పిల్లలు, వాళ్ళ వెనక తల్లిదండ్రులు. లోపల నాకు టెన్షన్.

ఆ కంగారులో మొదట చేసిన తప్పు, ప్రింటర్ మోడల్ పేరు పక్కన ‘డ్రైవర్’ (కంప్యూటర్‌ని ప్రింటర్‌తో మాట్లాడించే సాఫ్ట్‌వేర్) అని నెట్‌లో కొట్టి, పైన కనిపించిన పెద్ద ఆకుపచ్చ డౌన్‌లోడ్ బటన్ నొక్కడం. వచ్చింది డ్రైవర్ కాదు, డ్రైవర్లు వెతికిపెడతానని చెప్పే ఏదో ప్రోగ్రామ్. మీ కంప్యూటర్లో ఇన్ని డ్రైవర్లు పాతబడ్డాయని ఎర్ర అక్షరాల్లో బెదిరించి, డబ్బు కట్టమంది. దాన్ని వదిలించుకోవడానికే ఒక సాయంత్రం పోయింది. మీరు మాత్రం ప్రింటర్ తయారీ కంపెనీ సొంత సపోర్ట్ పేజీ దాటి ఎక్కడికీ వెళ్ళకండి.

మర్నాడు నిదానంగా చూస్తే తెలిసింది. సెటప్ అనేది మోసుకొచ్చే కూలీ లాంటిది. మూటలో ఉన్న అసలు సరుకు వేరు. పాత సెటప్ చాలాసార్లు విండోస్ వెర్షన్ నంబర్ చూసి, తన జాబితాలో లేదని అక్కడే ఆగిపోతుంది. లోపలి డ్రైవర్ పనికొస్తుందో రాదో అది పరీక్షించనే లేదు. విండోస్‌కి కావలసింది డ్రైవర్‌ని ఎలా ఎక్కించాలో చెప్పే ఐఎన్ఎఫ్ (.inf) అనే చిన్న ఫైలు, దాని పక్కనే ఉండే మిగతా ఫైళ్ళు. అంతే.

సీడీలో ఎక్స్‌పీ అని రాసి ఉన్న ఫోల్డర్‌ని విండోస్‌కి నేరుగా చూపించాను. ఈ ఫోల్డర్లో మీ పరికరానికి సరిపోయే డ్రైవర్ లేదు, 64 బిట్ విండోస్ కోసం చేసిందో కాదో చూసుకోండి అని వచ్చింది. మీకూ అదే రావచ్చు. విండోస్ 11లో అసలు 32 బిట్ రకమే లేదు. 32 బిట్ డ్రైవర్ 64 బిట్ విండోస్‌లోకి ఎక్కదు, పాత ప్రోగ్రాములు నడపడానికి ఉండే కంపాటిబిలిటీ మోడ్ పెట్టినా సరే. నా సీడీలో ఉన్నది 32 బిట్ ఒక్కటే. కంపెనీ సైటులో మోడల్ నంబర్ కొట్టి, ఆపరేటింగ్ సిస్టమ్ దగ్గర విండోస్ 11 బదులు విండోస్ 7, 64 బిట్ ఎంచుకుంటే అప్పుడు దొరికింది. విండోస్ 11 పెట్టి వెతికి ‘ఏమీ లేదు’ అని చూసి చాలామంది అక్కడితో ఆశ వదులుకుంటారు.

అలా దొరికిన ఫైల్‌ని రన్ చేయకుండా సెవెన్ జిప్ (కుదించిన ఫైళ్ళని విప్పే ఉచిత ప్రోగ్రామ్)తో విప్పండి. లోపల ఐఎన్ఎఫ్ ఫైలుని నోట్‌ప్యాడ్‌లో తెరిచి ‘ఎన్‌టీఏఎండీ64’ అనే మాట (అక్కడ ఇంగ్లీషులో NTamd64 అని ఉంటుంది) ఉందా వెతకండి. ఉంటే మీ పని సగం అయినట్టే. మీది ఇంటెల్ ప్రాసెసర్ అయినా అదే మాట ఉంటుంది, ఏఎండీ (వేరే ప్రాసెసర్ కంపెనీ) అని చూసి కంగారు పడకండి. నేను పడ్డాను.

ఐఎన్ఎఫ్‌లో ఏమీ మార్చొద్దు. నేను తెలివి ప్రదర్శించి ఒక లైను దిద్దాను. ఫైళ్ళని ఎవరూ మార్చలేదని చూపే డిజిటల్ సంతకం సరిపోలడం లేదని విండోస్ ససేమిరా అంది. సంతకం తనిఖీని ఆపేసి ఎక్కించే పద్ధతి ఉంది కానీ, ఒక ప్రింటర్ కోసం ఆ తలుపు తెరవమని నేను చెప్పను.

ఇక ఎక్కించడం. ముందు ప్రింటర్ కేబుల్ పెట్టి ఆన్ చేయండి, అప్పుడే దాని యూఎస్‌బీ పోర్టు జాబితాలోకి వస్తుంది. సెట్టింగ్స్‌లో ప్రింటర్స్ అండ్ స్కానర్స్‌కి వెళ్ళి యాడ్ డివైస్ నొక్కి కాసేపు ఆగితే, మాన్యువల్‌గా చేర్చే లింకు కింద కనిపిస్తుంది. అందులో లోకల్ ప్రింటర్ అన్నది ఎంచుకుని, పోర్టు దగ్గర యూఎస్‌బీ001 పెట్టి, తర్వాత వచ్చే పేజీలో ‘హ్యావ్ డిస్క్’ నొక్కి, విప్పిన ఫోల్డర్ చూపించండి. నాకు యూఎస్‌బీ001తో ప్రింట్ రాలేదు, 002కి మార్చగానే వచ్చింది. ల్యాప్‌టాప్‌లో సాకెట్ మార్చినప్పుడల్లా ఇంకో పోర్టు పుట్టి, ప్రింటర్ ‘కాపీ 1’ అని రెండోసారి కనిపించే అవకాశం ఉంది. ఒకే సాకెట్‌కి అలవాటు పడండి.

మీ విండోస్ 11 24హెచ్2 వెర్షన్ లేదా ఆ తర్వాతిది అయితే ప్రింటర్స్ అండ్ స్కానర్స్ పేజీలోనే విండోస్ ప్రొటెక్టెడ్ ప్రింట్ మోడ్ అని ఒకటి ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే కంపెనీల డ్రైవర్లు దేన్నీ రానివ్వదు. ఆఫ్ చేసి మొదలుపెట్టండి.

వేరే మోడల్ డ్రైవర్‌తో సర్దుకోవచ్చా అని కూడా అడిగారు. ప్రింటర్‌ని బట్టి ఉంటుంది. పీసీఎల్ (పేజీ ఎలా ఉండాలో ప్రింటర్‌కి చెప్పే భాష) అర్థమయ్యే ప్రింటర్లు సాధారణంగా చాలా మోడళ్ళకి కలిపి చేసిన యూనివర్సల్ డ్రైవర్‌తో నడుస్తాయి. కానీ మన షాపుల్లో ఎక్కువగా కనిపించే హెచ్‌పీ లేజర్‌జెట్ 1020, కెనాన్ ఎల్‌బీపీ 2900 లాంటివి ఆ రకం కాదు. పేజీని తయారుచేసే పనంతా కంప్యూటరే చేసి పంపాలి. 1020 అయితే ఆన్ చేసినప్పుడల్లా తన ఫర్మ్‌వేర్ (ప్రింటర్ లోపల నడిచే సాఫ్ట్‌వేర్) కూడా కంప్యూటర్ నుంచే తీసుకుంటుంది. వాటికి సొంత డ్రైవర్ లేకపోతే గడవదు.

మీ కొత్త ల్యాప్‌టాప్ స్నాప్‌డ్రాగన్ చిప్‌దైతే ఇదంతా వృథా. అందులో మామూలు 64 బిట్ ప్రోగ్రాములు నడుస్తాయి గానీ డ్రైవర్లు నడవవు, విడిగా ఆర్మ్64 (ఆ చిప్‌ల రకం) కోసం చేసింది కావాలి.

డ్రైవర్ దొరికాక ఆ ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. కంపెనీల ప్రింటర్ డ్రైవర్లను విండోస్ అప్‌డేట్ ద్వారా ఇవ్వడం దశలవారీగా ఆపేస్తామని మైక్రోసాఫ్ట్ 2023లోనే ప్రకటించింది. పాత మోడళ్ళ పేజీలు కంపెనీ సైట్లలో ఎప్పటికీ ఉంటాయన్న భరోసా కూడా లేదు.

ఎన్‌టీఏఎండీ64 ఎక్కడా కనిపించకపోతే, పాత కంప్యూటర్‌లో వేరే హార్డ్ డిస్క్ వేసి లైనక్స్ (విండోస్ బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) పెట్టి చూడండి. 1020కి అందులో ఫూటూజెడ్‌జేఎస్ (foo2zjs) అనే డ్రైవర్ ఉంది. అక్కడి నుంచి నెట్‌వర్క్‌లో షేర్ చేసుకోవచ్చు. ముందు మాత్రం ప్రింటర్ వెనక స్టిక్కర్ మీద ఉన్న పూర్తి మోడల్ నంబర్ ఇక్కడ రాయండి, ఒకే పేరుతో రెండు మూడు రకాలు ఉండొచ్చు.