పాత ఎస్టీమ్‌లో వాటర్ పంపు కారుతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: మాది 2002 మోడల్ మారుతి ఎస్టీమ్. నాన్నగారు కొన్న బండి, అమ్మే ఉద్దేశం లేదండి. ఈమధ్య పొద్దున్నే చూస్తే డ్రైవరు వైపు ముందు చక్రం దగ్గర నేల మీద పచ్చగా తడి కనిపిస్తోంది. బానెట్ ఎత్తితే బెల్టుల వైపు నుంచి సన్నగా కూత. వారానికోసారి నీళ్లు పోయాల్సి వస్తోంది. ఒక మెకానిక్ వాటర్ పంపు పోయింది, టైమింగ్ బెల్టుతో సహా మార్చాలన్నారు. ఇంకొకాయన అంత అక్కర్లేదు, థర్మోస్టాట్ వాల్వు తీసేసి లీకేజీ ఆపే పౌడర్ వేస్తే ఏడాది లాగేస్తుందంటున్నారు. ఎవరి మాట వినాలి? – ఒక పాఠకుడు, గోపాలపట్నం

జవాబు: మొదటి ఆయన మాట వినండి. మీరు చెప్పిన మూడు లక్షణాలూ ఇంజనులో నీళ్లు తిప్పే ఆ పంపు వైపే చూపిస్తున్నాయి. అయినా డబ్బు పెట్టే ముందు మీ కళ్లతో ఒకసారి చూసుకోండి, పెద్ద పనేం కాదు. రాత్రంతా ఆగి ఉన్న ఇంజను మీద, అంటే పూర్తిగా చల్లారాక, టార్చి వేసి పంపు పుల్లీ వెనకాల కిందివైపు చూడండి. పంపు బాడీకి అక్కడ చిన్న బెజ్జం ఉంటుంది. అది కంపెనీ వాళ్లు కావాలనే పెట్టింది. లోపలి సీల్ అరిగితే కూలెంట్, అంటే ఇంజనుని చల్లబరిచే ద్రవం, బేరింగ్‌లోకి పోకుండా ఆ దారిన బయటికి వస్తుంది. ఆ బెజ్జం కింద తడిగానీ, ఆరిపోయి పెళుసుగా గీతలు కట్టిన పచ్చటి తెల్లటి పొక్కుగానీ ఉంటే సీల్ అయిపోయినట్టే. తర్వాత ఫ్యాన్ బెల్టు వదులు చేయించి, పుల్లీని రెండు చేతులతో పట్టుకుని ముందుకీ వెనక్కీ కదపండి. ఏమాత్రం ఆడినా, తిప్పుతుంటే గరగరమన్నా బేరింగ్ పోయింది. అక్కడ ఏమీ లేకుండా తడి హోస్ పైపు క్లిప్పు దగ్గర ఉంటే మాత్రం సంతోషించండి, ఖర్చు చాలా తక్కువలో తేలిపోతుంది.

పౌడర్ మాట మర్చిపోండి. అది రేడియేటర్‌లో చిన్న పగులుని తాత్కాలికంగా మూయగలదేమోగానీ, తిరుగుతున్న షాఫ్టు చుట్టూ ఉన్న సీల్‌ని బాగుచేయలేదు, పైగా రేడియేటర్ సన్నగొట్టాల్లోనూ హీటర్‌లోనూ పేరుకుంటుంది. థర్మోస్టాట్ వాల్వు తీసేయడమూ అంతే. ఇంజను వేడెక్కేదాకా కూలెంట్ రేడియేటర్‌లోకి పోకుండా ఆపేది అదే. మనది వేడి ప్రాంతం, వాల్వు ఎందుకు అనే మాట గ్యారేజీల్లో చాలాకాలంగా ఉంది. వాల్వు లేకపోతే ఇంజను సరైన వేడికి రావడానికి బాగా ఆలస్యం అవుతుంది, ఎంపీఎఫ్‌ఐ బండిలో, అంటే పెట్రోలుని కంప్యూటర్ కొలిచి చిమ్మించే బండిలో, ఆ కంప్యూటర్ ఇంజను ఇంకా చల్లగానే ఉందనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తుంది, మైలేజీ పడిపోతుంది. ఇంతా చేసి కారుతున్న పంపు కారుతూనే ఉంటుంది.

ఇంజను లోపలి వాల్వుల్ని సరైన సమయానికి తెరిపించే టైమింగ్ బెల్టు ఎందుకు మార్చాలని మీకు అనుమానం రావడం సహజం. మీ 1298 సీసీ ఇంజనులో పంపుని తిప్పేది బయటి ఫ్యాన్ బెల్టే, కానీ దాన్ని విప్పాలంటే టైమింగ్ కవరు, బెల్టు, దాన్ని బిగించి ఉంచే టెన్షనర్ అన్నీ తీయాలి. పనంతా పంపు దాకా చేరడంలోనే ఉంది. అంత విప్పాక పాత బెల్టునే మళ్లీ ఎక్కించి, ఆరు నెలలకి అది తెగితే ఇదే కూలి రెండోసారి ఇవ్వాలి. రబ్బరు కిలోమీటర్లతోనే కాదు, ఏళ్లతో కూడా పాడవుతుంది. అందుకని పంపు, గ్యాస్కెట్, టైమింగ్ బెల్టు, టెన్షనర్, ఫ్యాన్ బెల్టు ఒకేసారి తెప్పించుకోండి. పై హోస్, కింది హోస్ నొక్కి చూసి, గట్టిపడినా పగుళ్లు కనిపించినా అవీ మార్చేయండి. రేడియేటర్ మూత ఎప్పుడు మార్చారో గుర్తులేకపోతే అది కూడా.

ఆటోనగర్‌లో పార్టు కొనేటప్పుడు ఎస్టీమ్ అని చెప్పి ఊరుకోకండి. 1994 నుంచి 2007 దాకా వచ్చిన బండి, మధ్యలో కార్బురేటర్ పోయి ఎంపీఎఫ్‌ఐ వచ్చింది, ఇంజనులో 8 వాల్వులు పోయి 16 వచ్చాయి. ఆర్‌సీ కాపీ దగ్గర ఉంచుకోండి, విప్పిన పాత పంపుని కొత్తదాని పక్కన పెట్టి బోల్టు బెజ్జాలు, లోపలి రెక్కల ఎత్తు సరిపోయాయా చూడండి. చవగ్గా దొరికే పేరులేని పంపు మాత్రం వద్దండి, ఈ పని మీద పొదుపు చేయకూడని చోటు ఏదైనా ఉంటే అది ఇదే.

పని జరుగుతున్నప్పుడు పక్కన ఉండగలిగితే ఉండండి. పాత గ్యాస్కెట్ కాగితం గీకేటప్పుడు స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే అల్యూమినియం మీద గాట్లు పడతాయి, కొత్త పంపు అక్కడే కారుతుంది. బోల్టులు చిన్నవి, బలం చూపిస్తే బ్లాకులో థ్రెడ్ పోతుంది. బెల్టు ఎక్కించాక టైమింగ్ మార్కులు కలిశాయో లేదో చూసి, ఇంజనుని పానాతో చేత్తో రెండు చుట్లు తిప్పి మళ్లీ చూడమనండి. అది చేయకుండా స్టార్ట్ చేయనివ్వద్దు. తర్వాత మూత తీసి ఉంచి, హీటర్ వేడి వైపు తిప్పి, కూలెంట్ నెమ్మదిగా పోస్తూ ఇంజను నడపాలి. బుడగలు ఆగి, పై హోస్ వేడెక్కి, రేడియేటర్ ఫ్యాన్ తిరిగేదాకా ఓపిక పట్టాలి. లోపల గాలి మిగిలిపోతే కొత్త పంపు వేసినా డ్యాష్‌బోర్డులో వేడి చూపే ముల్లు పైకి లేస్తుంది, అప్పుడు పంపునే తిడతారు. మర్నాడు చల్లగా ఉన్నప్పుడు లెవెల్ చూసి కాస్త పోయండి.

తీసిన పాత కూలెంట్‌ని వీధిలో పారబోయనివ్వకండి. అది తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకుతాయి, అది వాటికి ప్రాణాంతకం.

ప్రశ్న: విశాఖలో చలే లేదు కదా, కూలెంట్ ఎందుకు? మా బోరు నీళ్లే పోస్తున్నాం. – పెదగంట్యాడ

జవాబు: కూలెంట్ గడ్డకట్టకుండా ఉండడానికి మాత్రమే కాదండి. అది తుప్పుని ఆపుతుంది, మరిగే ఉష్ణోగ్రతని పెంచుతుంది. సముద్రం దగ్గర చాలాచోట్ల బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. ఆ నీళ్లు అల్యూమినియాన్ని తినేస్తాయి, రేడియేటర్‌లో పొరలా పేరుకుంటాయి, పంపు సీల్‌ని గరుకుగా అరగదీస్తాయి. ముందు మొత్తం ఖాళీ చేయించి శుభ్రంగా కడిగించి, కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోయించండి. రెడీమిక్స్ డబ్బా కొంటే అందులో మళ్లీ నీళ్లు కలపకూడదు.

ప్రశ్న: పంపు కాస్త కారుతోంది. ఈ ఆదివారం పిల్లలతో అరకు వెళ్లి వచ్చాక మార్పిస్తే సరిపోతుందా? – మధురవాడ

జవాబు: వద్దు. శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలవుతుంది, అరకు సుమారు 900 మీటర్ల ఎత్తు, చిన్న గేర్లలో చాలాసేపు ఎక్కాలి. పంపు మీద అసలు బరువు పడేది అక్కడే. బేరింగ్ బిగుసుకుంటే ఫ్యాన్ బెల్టు తెగుతుంది, నీళ్లు తిరగడం ఆగిపోతుంది, కొద్ది నిమిషాల్లోనే ఇంజను పైభాగమైన హెడ్ వంగుతుంది. పంపుతో పోయేది హెడ్ గ్యాస్కెట్, లేత్ పని దాకా వెళ్తుంది.

ఎప్పుడైనా ఘాట్‌లో ముల్లు ఎర్రగీత వైపు కదిలితే ఏసీ ఆపి, హీటర్ ఫుల్లుగా పెట్టి, చోటు దొరకగానే పక్కకి ఆపండి. బెల్టు తెగిందని తెలిస్తే అదే క్షణం ఇంజను ఆపేయాలి. వేడి మీద రేడియేటర్ మూత తిప్పకండి, ఆవిరి మొహం మీదికి కొడుతుంది. ఇంజను మీద చల్లనీళ్లు గుమ్మరించకండి. పై హోస్ మీద చెయ్యి ఆనించి ఉంచగలిగేంత చల్లారాక, మందపాటి గుడ్డ వేసి మూత కొద్దికొద్దిగా తిప్పండి. నీళ్లు పోసినా ముల్లు మళ్లీ లేస్తుంటే అక్కడి నుంచి టోయింగ్ బండి మీదే కిందికి తీసుకురండి.