సందేహాలు – సమాధానాలు: రాణి కొలువులో పాన్సన్‌బీ

సందేహం: విక్టోరియా రాణి దగ్గర పనిచేసిన హెన్రీ పాన్సన్‌బీ జీవితాన్ని తెలుగులో రాస్తున్నాను. నిఘంటువులు వెతికి ఒక వాక్యం ఇలా కూర్చాను: ‘సర్ పాన్సన్‌బీ రాజపరివారానికి చెందినవారు కాకపోయినా మొదట అశ్వపాలకుడిగా, తరువాత కోర్టు కార్యదర్శిగా, రాజభరణాల సంరక్షకుడిగా పనిచేశారు.’ చదివినవాళ్లు నవ్వారు. తప్పెక్కడుంది?
– ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, నవ్వినవారి సంగతి వదిలేయండి. మీరు నిఘంటువులు వెతికి రాశారు, అది మంచి అలవాటు. మీరు వాడిన మాటలన్నీ నిఘంటువుల్లో దొరికేవే. అయితే కొలువుల పేర్లను తెలుగు చేసేటప్పుడు పేరును కాక, ఆ పేరుతో మనిషి చేసిన పనిని చూడాలి.

పాన్సన్‌బీ 1825లో కోర్ఫూ ద్వీపంలో పుట్టారు. తాత బెస్‌బరో మూడో ఎర్ల్ (ఎర్ల్ అంటే ప్రభువుల బిరుదుల్లో ఒకటి). తండ్రి వాటర్లూ యుద్ధంలో తీవ్రంగా గాయపడి బతికి బయటపడ్డ సేనాని. హెన్రీ 1842లో సైన్యంలో చేరి, గ్రెనేడియర్ గార్డ్స్ అధికారిగా క్రిమియా యుద్ధానికి వెళ్లారు. 1857లో రాణి భర్త ఆల్బర్ట్ దగ్గర ‘ఎక్వెరీ’గా నియమితులయ్యారు. మీరు అశ్వపాలకుడన్నది ఇక్కడే. ఆ మాట పుట్టింది గుర్రపుశాలలోనే కానీ, పాన్సన్‌బీ నాటికి దానికీ గుర్రాలకూ సంబంధం పోయింది. రాజకుటుంబీకుల వెంట ఉండి ప్రయాణాలు, వేడుకలు, అతిథుల రాకపోకలు చూసుకునే సైనికాధికారి అని అర్థం. మనకూ ఇలాంటి మాట ఒకటుండేది. కాకతీయుల కాలంలో ఏనుగుల సేనాపతి అయిన జాయపసేనానిని ‘గజసాహిణి’ అన్నారు. సాహిణి ఈనాటి పాఠకులకు అందదు కాబట్టి ‘పరివార సైనికాధికారి’ అనండి, చాలు.

పరివారం అన్నాను కాబట్టి మరో మాట. ‘రాజపరివారానికి చెందినవారు కాకపోయినా’ అని రాశారు. హిందీ ప్రభావంతో పరివారం అంటే కుటుంబమని ఇప్పుడు చాలామంది వాడుతున్నారు. తెలుగులో పరివారమంటే వెంట ఉండే బలగం, సేవకజనం. పెళ్లికి ‘సకుటుంబ సపరివారంగా’ రమ్మని రెండు మాటలూ కలిపి పిలిచేది అందుకే. పాన్సన్‌బీ రాజకుటుంబంలోని వారు కారు, కానీ నూటికి నూరుపాళ్లు రాజపరివారంలోని వారే. మీ వాక్యం ఉన్న విషయాన్ని తలకిందులు చేసింది.

ఇక కోర్టు. తెలుగులోకి వచ్చాక ఈ మాట న్యాయస్థానానికే పరిమితమైపోయింది. ‘కోర్టు కార్యదర్శి’ అనగానే వకీళ్లు, వాయిదాలు గుర్తొస్తాయి. ‘ఆస్థానం’ అందామంటే అది కవులకూ విద్వాంసులకూ అతుక్కుపోయింది. నా ఓటు కొలువుకే. రాజు కొలువు తీరతాడు, మనిషి కొలువులో చేరతాడు, దసరాకు బొమ్మలూ కొలువు తీరతాయి. సభ, ఉద్యోగం, సేవ – మూడూ ఈ ఒక్క మాటలో ఉన్నాయి. కొలుచుట అంటే సేవించుట. సుమతీ శతకంలో ‘మిడిమేలపు దొర’ను కొలిచి మిడకడంకంటే మడి దున్నుకుని బతకడం మేలన్న పద్యం చిన్నప్పుడు మనమంతా వల్లించిందే. పాన్సన్‌బీ చేసింది సరిగ్గా ఆ కొలువే. ఒకే భవనంలో ఉన్నా రాణి ఆయనకు తన మాట చాలాసార్లు చీటీ రాసి పంపేవారు. రెండూ రెండూ ఐదని రాణి పట్టుబడితే తానేం చేస్తారో ఆయన ఒకచోట చెప్పారు. నాలుగేమోనని అనిపిస్తోందని మెల్లగా అంటారు. మీ మాటలోనూ కొంత నిజముండవచ్చు గానీ ఐదేనని నాకు తెలుసు అని రాణి అంటారు. ఇక ఆయన ఆ చర్చ అక్కడితో ఆపేస్తారు. ఇలా రాణి కార్యదర్శిగా 1870 నుంచి 1895 జనవరిలో పక్షవాతం వచ్చేదాకా పాతికేళ్లు నెట్టుకొచ్చారు. ఆ ఏడాది నవంబరులోనే కన్నుమూశారు.

ఇంగ్లీషులో ‘ప్రైవేట్ సెక్రటరీ’ అనే ఆ ఉద్యోగానికి ‘ఆంతరంగిక కార్యదర్శి’ అన్నది నిక్షేపంలాంటి అనువాదం. పాత మాట కావాలంటే ‘రాయసం’ ఉంది. రాజుగారి ఉత్తరప్రత్యుత్తరాలు చూసే కొలువది. కృష్ణదేవరాయల కాలపు రాయసం కొండమరుసయ్య పేరులో అదే కనిపిస్తుంది. ఇప్పటికీ కొందరికి అది ఇంటిపేరు.

‘రాజభరణాల సంరక్షకుడు’ మాత్రం పూర్తిగా దారి తప్పింది. రాజభరణాలంటే స్వాతంత్ర్యం వచ్చాక మన సంస్థానాధీశులకు ప్రభుత్వం ఇచ్చి, 1971లో రద్దుచేసిన భత్యాలు. ఇంగ్లీషులో వీటికీ, రాణి సొంత ధనానికీ ‘ప్రీవీ పర్స్’ అనే పేరే ఉండటం వల్ల వచ్చిన చిక్కిది. 1878లో పాన్సన్‌బీకి అదనంగా అప్పగించింది రాణి సొంత ధనాగారం. ‘రాణి సొంత బొక్కసం అధికారి’ అంటే ఎవరికైనా తెలుస్తుంది.

చివరగా సర్. ఇంటిపేరు ముందు పెట్టుకునే మనకు ఇది కొంచెం కొత్త. ఈ బిరుదు వ్యక్తి పేరును అంటిపెట్టుకుని ఉంటుంది, ఇంటిపేరుకు ఒంటరిగా అతకదు. ‘సర్ హెన్రీ’ అనవచ్చు, ‘సర్ హెన్రీ పాన్సన్‌బీ’ అనవచ్చు, ‘సర్ పాన్సన్‌బీ’ అనకూడదు. ‘సర్ ఆర్థర్ కాటన్’ సరైనది, ‘సర్ కాటన్’ తప్పు. గోదావరి జిల్లాల రైతులు ‘కాటన్ దొర’ అన్నారు, అది అచ్చమైన తెలుగు. అయినా లార్డ్ అన్న బిరుదుకు దొరను వాడకండి. మనం బిరుదున్నా లేకున్నా తెల్లవారినందరినీ దొరలనే అన్నాం. భార్య విషయంలో పద్ధతి తిరగబడుతుంది. సర్ హెన్రీ భార్య మేరీ ‘లేడీ పాన్సన్‌బీ’ అవుతారు గానీ ‘లేడీ మేరీ’ కారు. ఆయనకు ఈ బిరుదు వచ్చింది 1879లో కనుక, అంతకు ముందు సంఘటనలు రాసేటప్పుడు సర్ వద్దు. ‘లార్డ్ పాన్సన్‌బీ’ అని ఎక్కడైనా కనిపిస్తే అది ఈయన కాదని గుర్తుంచుకోండి. ఈయన కొడుకు ఆర్థర్ 1930లో ఆ బిరుదు పొందారు. తండ్రి బాటలోనే సైన్యంనుంచి కొలువుకు వచ్చిన మరో కొడుకు ఫ్రెడరిక్ 1935లో ‘లార్డ్ సైసన్‌బీ’ అయ్యారు.

మీ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: ‘హెన్రీ పాన్సన్‌బీ రాజపరివారంలో మొదట ఆల్బర్ట్‌కు సైనికాధికారిగా, తరువాత విక్టోరియా రాణికి ఆంతరంగిక కార్యదర్శిగా, ఆమె సొంత బొక్కసం అధికారిగా కొలువు చేశారు.’